హైస్కూల్ పిల్లలతో సీటీఎఫ్ మొదలుపెట్టడం ఎలా: బెంగళూరు తెలుగు తల్లిదండ్రులకు

మీ అమ్మాయో అబ్బాయో ఏదో వీడియో చూసి వచ్చి "నాన్నా, నేను హ్యాకింగ్ నేర్చుకుంటా" అన్నారనుకోండి. బెంగళూరులో మన ఇళ్లలో దీనికి సాధారణంగా "ముందు టెన్త్ సంగతి చూడు" అనే జవాబు వస్తుంది. లేదంటే ఆ శనివారమే వేలకు వేలు కట్టి ఏదో ఎథికల్ హ్యాకింగ్ సర్టిఫికెట్ కోర్సులో చేర్చేస్తారు. తొమ్మిదో తరగతి పిల్లకి సర్టిఫికెట్ దేనికో నాకైతే అర్థం కాదు. పైసా ఖర్చు లేకుండా, చట్టం గీత దాటకుండా, పిల్లలు వాళ్లంతట వాళ్లే ముందుకెళ్లే దారి ఒకటుంది. అదే క్యాప్చర్ ద ఫ్లాగ్, అందరూ అనే మాటలో సీటీఎఫ్. మీకు సెక్యూరిటీ రాకపోయినా, అపార్ట్‌మెంట్‌లో నలుగురైదుగురు పిల్లల్ని పోగేసి దీన్ని ఎలా మొదలుపెట్టవచ్చో చెప్తాను.

సీటీఎఫ్ అంటే పజిళ్ల పోటీ. ఒక ఫైలో, ఒక వెబ్ పేజీయో, ఒక ప్రోగ్రామో ఇస్తారు. దాని లోపల ఎక్కడో ఒక చిన్న మాట దాచి ఉంటుంది, దాన్నే ఫ్లాగ్ అంటారు. దొరికిన ఫ్లాగ్‌ని సైట్‌లో పెడితే పాయింట్లు. లాస్ వేగస్‌లో జరిగే డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సమావేశంలో 1996లో మొదలైన ఆట ఇది, ఇప్పుడు ఏడాది పొడుగునా ఏదో ఒక మూల జరుగుతూనే ఉంటుంది. ఇందులో రెండు రకాలున్నాయి. విడివిడి ప్రశ్నలు ఉండేదాన్ని జెపర్డీ పద్ధతి అంటారు. జట్లు ఒకరి సర్వర్ మీద ఒకరు దాడి చేసుకునేది అటాక్-డిఫెన్స్. మన పిల్లలకు మొదటిది చాలు. రెండోది కాలేజీకి వెళ్లాక చూసుకోవచ్చు.

లాప్‌టాప్ తెరవకముందు

మొదటి రోజు మొదటి పావుగంట రూల్స్ కోసం తీసుకోండి. దీన్ని వాయిదా వేయకండి. రెండో వారానికల్లా ఎవరో ఒకరు "అంకుల్, మా స్కూల్ పోర్టల్‌లో మార్కులు మార్చొచ్చా?" అని అడుగుతారు. అడగడం తప్పు కాదు, కానీ జవాబు అప్పటికే వాళ్లకు తెలిసి ఉండాలి.

రూలు ఒక్కటే: యజమాని "రండి, పగలగొట్టండి" అని స్పష్టంగా చెప్పిన చోట మాత్రమే చెయ్యి పెట్టాలి. పోటీ సైట్లు అలా చెప్తాయి. స్కూల్ పోర్టల్ చెప్పలేదు, అపార్ట్‌మెంట్ గేటు యాప్ చెప్పలేదు, పక్కింటి వైఫై చెప్పలేదు, ఫ్రెండ్ ఇన్‌స్టాగ్రామ్ అసలే చెప్పలేదు. సరదాకి చేశాం, ఏమీ పాడుచెయ్యలేదు అన్నా కుదరదు. ఐటీ చట్టం 2000లో 43, 66 సెక్షన్ల కింద అనుమతి లేకుండా దురుద్దేశంతో కంప్యూటర్‌లోకి చొరబడితే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్తుంది. అయినా పోలీసులు, స్కూలు యాజమాన్యం, ఇంట్లో గొడవ ఎలాగూ తప్పవు. ఈ సెక్షన్ల పేర్లు పిల్లల ముందు పైకి చదవండి. భయపెట్టడానికి కాదు గానీ, పెద్దవాళ్ల విషయంగా చెప్తే వాళ్లూ పెద్దవాళ్లలాగే వింటారు.

పోటీ లోపల కూడా హద్దులుంటాయి. ప్రశ్నగా ఇచ్చినదాన్ని ఛేదించాలి గానీ స్కోర్‌బోర్డు సర్వర్‌ని కాదు. ఇంకో జట్టుతో ఫ్లాగులు పంచుకోకూడదు. ఎప్పుడైనా నిజమైన సైట్‌లో లోపం పొరపాటున కంటబడితే అక్కడితో ఆగి మీకు చెప్పాలి. అలాంటి ఫిర్యాదులు తీసుకోవడానికి మన దేశంలో సెర్ట్-ఇన్ అనే ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ ఉంది. పెద్దవాళ్లు పక్కన కూర్చుని పంపిస్తే సరిపోతుంది.

సామాను

ఇద్దరికి ఒక లాప్‌టాప్. ఒక్కొక్కరికి ఒకటి ఇవ్వగలిగినా ఇవ్వకండి, జంటగా కూర్చుంటే నోరు విప్పి ఆలోచిస్తారు. పావుగంటకోసారి కీబోర్డు చేతులు మారాలి. అలా మార్చకపోతే చొరవ ఉన్న పిల్లాడు లాగేసుకుంటాడు, పక్కనున్న అమ్మాయి చూస్తూ కూర్చుంటుంది. ఇది ప్రతి బ్యాచ్‌లోనూ జరిగేదే.

మీ ఆఫీసు లాప్‌టాప్ మాత్రం ఇవ్వకండి. మనలో చాలామంది ఇళ్లలో మంచి మెషీన్ అంటే అదే కాబట్టి చెప్తున్నాను. సీటీఎఫ్ ఫైళ్లను చూసి కంపెనీ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ మాల్వేర్ అని అలారం కొట్టొచ్చు, సోమవారం మేనేజర్‌తో మీటింగ్ పడుతుంది. పాత విండోస్ లాప్‌టాప్ చాలు, బ్రౌజర్ నడిస్తే చాలు. హ్యాకింగ్ టూల్స్‌తో వచ్చే కాలీ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాల్ చేద్దామని పిల్లలు పట్టుబడతారు. చూడ్డానికి సినిమాలోలా ఉంటుంది మరి. రెండు నెలలు ఆగమనండి.

మొదటి గంట: కాగితం, పెన్ను, కటపయాది

మొదటి గంటలో ఇంటర్నెట్ వద్దు. గుంపులో సంగీతం నేర్చుకునే పిల్ల ఒకరైనా ఉంటారు, బెంగళూరులో మరీనూ. వాళ్లను "మేచకల్యాణి ఎన్నో మేళకర్త?" అని అడగండి. 65 అని చెప్తారు. ఎలా తెలిసిందంటే కటపయాది సూత్రం. క నుంచి, ట నుంచి, ప నుంచి, య నుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ పోవాలి. ప, ఫ, బ, భ, మ అంటే మ ఐదు. క, ఖ, గ, ఘ, ఙ, చ అంటే చ ఆరు. మేచ అంటే 56, తిరగేస్తే 65. ధీరశంకరాభరణంలో ధ తొమ్మిది, ర రెండు, తిరగేస్తే 29. మాయామాళవగౌళ వాళ్లనే కట్టమనండి, 15 రావాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న అడగండి: "ఇందులో రహస్యం ఏమైనా ఉందా?" కాసేపు వాదించుకోనివ్వండి. పట్టిక తెలిసిన ఎవరైనా విప్పేయగలరు, తాళంచెవి అంటూ ఏదీ లేదు. ఇలాంటిదాన్ని ఎన్‌కోడింగ్ అంటారు. ఆ తర్వాత ఇంగ్లీషు అక్షరాల్ని మూడేసి స్థానాలు ముందుకు జరిపే సీజర్ సైఫర్ చూపించండి. ఇక్కడ ఎన్ని స్థానాలు జరిపామన్నది తాళంచెవి, అంటే ఇది ఎన్‌క్రిప్షన్. కానీ తాళంచెవులు మొత్తం 25 మాత్రమే, వరసపెట్టి ప్రయత్నిస్తే దొరికిపోతుంది. ఈ తేడా తెలియక పెద్దవాళ్లు కూడా బేస్64 అనే ఎన్‌కోడింగ్‌లో పాస్‌వర్డ్ పెట్టి భద్రంగా ఉందనుకుంటారు.

ఇక లాప్‌టాప్ తెరవొచ్చు. సైబర్‌షెఫ్ అనే పేజీ తెరవండి. బ్రిటన్ నిఘా సంస్థ జీసీహెచ్‌క్యూ 2016లో అందరికీ ఉచితంగా విడుదల చేసిన టూల్ ఇది. ఎడమవైపు ఆపరేషన్ల జాబితా ఉంటుంది, కావలసినదాన్ని మధ్యలోకి లాగి పడేస్తే చాలు. ఇన్‌పుట్‌లో "అమ్మ" అని టైప్ చేయించి, టు హెక్స్ (బైట్లను అంకెలు, అక్షరాలుగా చూపించే ఆపరేషన్) లాగమనండి. ఎన్ని బైట్లు వస్తాయో ముందే ఊహించమనండి. రెండు అని కొందరు, మూడు అని కొందరు అంటారు. వచ్చేవి 12. కంప్యూటర్ లెక్కలో అమ్మ అంటే అ, మ, పొల్లు, మళ్లీ మ, మొత్తం నాలుగు. కంప్యూటర్లు అక్షరాల్ని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం ఒక్కోటీ మూడు బైట్లు తీసుకుంటుంది.

హెక్స్ తీసేసి టు బేస్64 లాగితే 16 అక్షరాల పొడుగు తీగ ఒకటి వస్తుంది. వెంటనే ఏమీ చెప్పకండి. తాతయ్య పేరు, ఊరి పేరు, మదనపల్లె, హిందూపురం, ఏదైనా స్పేసులు లేకుండా తెలుగులో టైప్ చేయమని, వచ్చినవన్నీ ఒకదాని కింద ఒకటి పెట్టమనండి. ప్రతి నాలుగు అక్షరాలకోసారి 4, దాని పక్కన ఇంగ్లీషు ఎల్ వస్తూనే ఉంటాయి. తెలుగు అక్షరాలన్నీ యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే పట్టికలో, ఒకే పేటలో ఉండటం వల్ల వాటి మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండోది రెండు రకాలకు మించదు. బేస్64 మూడు బైట్లను నాలుగు అక్షరాలుగా మారుస్తుంది కాబట్టి ఆ పోలిక అలాగే పైకి తేలుతుంది. ఎవరైనా పిల్ల "అంకుల్, ఇది మళ్లీ మళ్లీ వస్తోంది" అని పట్టుకుంటే మీ పని సగం అయినట్టే. సైఫర్‌లు విప్పేవాళ్లు చేసే మొదటి పని సరిగ్గా ఇదే. ఇంగ్లీషు ఉదాహరణలతో ఈ ఆట ఇంత అందంగా కుదరదు.

పికోజిమ్, తర్వాత బ్యాండిట్

రెండో వారం నుంచి పికోసీటీఎఫ్. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు 2013 నుంచి ప్రత్యేకంగా బడి పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని నడుపుతున్నది. పదమూడేళ్లు నిండితే అకౌంట్ తెరవొచ్చు, పూర్తిగా ఉచితం. అకౌంట్ పేరులో పిల్లల అసలు పేరు, స్కూలు పేరు వద్దు. సైట్‌లో పికోజిమ్ అనే విభాగంలో పాత పోటీల ప్రశ్నలు ఏడాదంతా ఉంటాయి. బ్రౌజర్‌లోనే లినక్స్ టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే తెర) కూడా ఇస్తారు, దాన్ని వెబ్‌షెల్ అంటారు. అందుకే ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదన్నాను.

మొదట జనరల్ స్కిల్స్‌లో తేలికవి, తర్వాత వెబ్, ఆ తర్వాత ఫోరెన్సిక్స్, అంటే ఫైళ్లలో దాగిన ఆధారాలు వెతకడం. వెబ్‌లో మొదటి పాఠం కంట్రోల్ యూ నొక్కి పేజీ సోర్స్, అంటే పేజీ వెనకున్న కోడ్, చూడటం. ఫోరెన్సిక్స్‌కి మంచి ప్రవేశం వాళ్ల సొంత ఫొటో. లొకేషన్ ఆన్ చేసి బాల్కనీలో ఒక ఫొటో తీయమనండి, దాన్ని ఫొటో వివరాలు చూపించే ఎగ్జిఫ్‌టూల్‌లో గానీ సైబర్‌షెఫ్‌లో గానీ చూడమనండి. ఫోన్ మోడల్, తీసిన సమయం, ఇంటి అక్షాంశ రేఖాంశాలు వరసగా కనిపిస్తాయి. అదే ఫొటో వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి. రెండూ పంపించి పోల్చమనండి. సోషల్ మీడియా జాగ్రత్తల గురించి మీరు ఇచ్చే లెక్చర్ కంటే ఇది ఎక్కువ పనిచేస్తుంది. రివర్స్ ఇంజనీరింగ్, బైనరీ ఎక్స్‌ప్లాయిటేషన్ విభాగాల వైపు ఇప్పుడే వెళ్లక్కర్లేదు. వాటికి సి భాష, మెమరీ లెక్కలు కొంచెం వచ్చి ఉండాలి.

పికోజిమ్‌లో కొంచెం చెయ్యి తిరిగాక ఓవర్‌దవైర్ సైట్‌లోని బ్యాండిట్ మొదలుపెట్టించండి. ఇది పోటీ కాదు, మెట్ల వరస. ఒక్కో లెవెల్‌లో తర్వాతి లెవెల్ పాస్‌వర్డ్ దొరుకుతుంది. దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ అనే ప్రోగ్రామ్‌తో వాళ్ల సర్వర్‌కి కనెక్ట్ అవ్వాలి. ఇప్పటి విండోస్‌లో అది ముందే ఉంటుంది. పోర్టు 2220 కాబట్టి కొన్ని వైఫైల్లో బ్లాక్ అవుతుంది, అప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ పెట్టండి. పాస్‌వర్డ్ టైప్ చేస్తుంటే తెర మీద చుక్క కూడా పడదు. కీబోర్డు పాడైందని పిల్లలు గట్టిగా బాదుతారు. లినక్స్‌లో అది మామూలే అని ముందే చెప్పండి, కీబోర్డు బతుకుతుంది.

బ్యాండిట్‌లో లెవెల్ 1 నాకు చాలా ఇష్టం. పాస్‌వర్డ్ ఒక ఫైల్లో ఉంటుంది, ఆ ఫైల్ పేరు ఒట్టి అడ్డగీత. ఫైల్లో ఉన్నది చూపించే క్యాట్ కమాండ్ కొట్టి ఆ గీత పెడితే ఏమీ రాదు, ఎర్రర్ కూడా రాదు, కర్సర్ మిణుకుమంటూ కూర్చుంటుంది. హ్యాంగ్ అయిందని విండో మూసేస్తారు, మళ్లీ తెరుస్తారు, మళ్లీ అదే. నిజానికి ఆ కమాండ్ హ్యాంగ్ అవ్వలేదు. ఒట్టి గీత అంటే "కీబోర్డు నుంచి చదువు" అని దానికి అర్థం, అందుకని పాపం మీరేదో టైప్ చేస్తారని ఎదురుచూస్తోంది. ఇక్కడ జవాబు చెప్పకండి, నేనూ రాయను. "ఏదైనా టైప్ చేసి ఎంటర్ కొట్టి చూడండి, ఏమైంది?" అని అడగండి. తర్వాత "ఫైల్‌ని పేరుతో కాకుండా అడ్రస్‌తో పిలవొచ్చా?" అని అడగండి. అంతే చాలు. ఇరవై నిమిషాలు కొట్టుకుని కనుక్కున్న పిల్లాడు దాన్ని జన్మలో మర్చిపోడు.

మీరు చేయాల్సింది, చేయకూడనిది

మొత్తం పనిలో కష్టమైన భాగం ఇదే, మీరే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అయితే మరీ కష్టం. పిల్లలు ఇరుక్కున్నప్పుడు మీ చెయ్యి దానంతట అది కీబోర్డు మీదకు వెళ్తుంది. వెళ్లనివ్వకండి. సీటీఎఫ్‌లో నేర్చుకునేదంతా ఆ ఇరుక్కున్న సమయంలోనే. అది మీరు తీసేసుకుంటే మిగిలేది ఫ్లాగ్ ఒక్కటే. మీకు జవాబు తెలియకపోతే ఇంకా మంచిది, "నాకూ తెలీదు, మాన్యువల్ చూద్దాం పద" అనండి.

నేను పాటించే లెక్క ఇది. మొదటి ఇరవై నిమిషాలు ఏ సాయమూ లేదు. ఆ తర్వాత మూడు ప్రశ్నలు, ఒకదాని తర్వాత ఒకటి: నీ దగ్గర ఏముంది? ఇప్పటిదాకా ఏం ప్రయత్నించావు? ఏం జరుగుతుందనుకున్నావు, ఏం జరిగింది? సగం సార్లు మూడో ప్రశ్నకు జవాబు చెప్తూ చెప్తూనే "ఆఁ, ఆగండి అంకుల్" అంటారు. అప్పటికీ రాకపోతే సైట్ ఇచ్చే హింట్ తెరవొచ్చు. గంట దాటినా కదలకపోతే ఆ ప్రశ్న పక్కన పెట్టి ఇంకోటి తీసుకోవాలి. ఏడిపించేంతవరకు లాగొద్దు.

చాట్‌బాట్‌ల సంగతి. ప్రశ్న మొత్తం కాపీ చేసి చాట్‌బాట్‌కి ఇస్తే తేలికపాటి చాలెంజ్‌లకు జవాబు వచ్చేస్తుంది. పూర్తిగా వద్దంటే చాటుగా వాడతారు. అందుకని ఒక కమాండ్ ఎలా పనిచేస్తుందో అడగొచ్చు, చాలెంజ్ అతికించకూడదు అని చెప్పుకోండి. అసలు పోటీలో ఏది అనుమతిస్తారో ఆ పోటీ రూల్స్‌లో చూడాలి.

ప్రతి ఫ్లాగ్‌కీ నోట్‌బుక్‌లో నాలుగు లైన్లు రాయించండి. వీటినే రైటప్ అంటారు. ఫలించని ప్రయత్నాలు కూడా రాయాలి. తెలుగు రాయడం రాని పిల్లలు ఇక్కడ ఎక్కువే. ఇంగ్లీషులో రాసి తెలుగులో చెప్పినా, మధ్యలో కన్నడ కలిపినా ఫర్వాలేదు. వారం చివర ఒకరు లేచి మిగతావాళ్లకు వివరించాలి. ఎదుటివాడికి చెప్పలేకపోతే రానట్టే, ఆ చాలెంజ్ మళ్లీ చేయాలి.

పోటీకి ఎప్పుడు, ఎక్కడ

పికోసీటీఎఫ్ ప్రధాన పోటీ సాధారణంగా మార్చిలో వస్తుంది. మనకు మార్చి అంటే పరీక్షలు. అందుకే పదో తరగతి ఏడాదిలో దీన్ని కొత్తగా ఎత్తుకోవద్దు. ఎనిమిది, తొమ్మిది తరగతులే సరైన సమయం. పోటీ చాలా రోజులు తెరిచే ఉంటుంది కాబట్టి తొమ్మిదో తరగతి వాళ్లు పరీక్షల మధ్య ఖాళీలో రోజుకు గంట కూర్చున్నా చాలు. కుదరకపోతే దిగులు లేదు, ఆ ప్రశ్నలు తర్వాత పికోజిమ్‌లోకి వస్తాయి, వేసవి సెలవుల్లో చేసుకోవచ్చు. అసలు సాధన వేసవిలో, దసరా సెలవుల్లో పెట్టుకోండి. ఊరెళ్లినా బ్రౌజర్ ఉంటే చాలు.

మన దేశంలో బడి పిల్లల కోసమే ఉన్నది ఇన్‌సీటీఎఫ్ జూనియర్. కేరళ అమృతపురిలోని అమృత విశ్వవిద్యాపీఠంలో బయోస్ అనే విద్యార్థుల జట్టు ఉంది, దేశంలో పేరున్న సీటీఎఫ్ జట్లలో అదొకటి. ఈ పోటీ వెనక ఉన్నది వాళ్లే. ప్రపంచవ్యాప్తంగా జరిగేవి సీటీఎఫ్‌టైమ్ సైట్‌లో క్యాలెండర్‌గా ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం మనవాళ్ల స్థాయికి మించినవి, బిగినర్ అని రాసి ఉన్నవి మాత్రమే ఎంచుకోండి. చాలావరకు 24 నుంచి 48 గంటలు ఏకధాటిగా నడుస్తాయి. మన టైమ్‌లో అర్ధరాత్రి మొదలయ్యేవీ ఉంటాయి. పదకొండింటికి లాప్‌టాప్ మూయాలన్నది మాత్రం బేరం లేని రూలు. మొదటి పోటీలో రెండు మూడు ఫ్లాగులు దొరికితే గొప్ప. స్కోర్‌బోర్డులో ఎనిమిది వందల స్థానం చూసి మొహం మాడ్చుకుంటారు. పైనున్నవాళ్లలో చాలామంది యూనివర్సిటీ విద్యార్థులు, ఉద్యోగం చేసేవాళ్లని చెప్పండి.

బెంగళూరులో ఉండటం వల్ల ఒక లాభముంది. నల్ అనే ఓపెన్ సెక్యూరిటీ కమ్యూనిటీకి ఇక్కడ చాప్టర్ ఉంది, వాళ్ల మీటింగ్‌లు ఉచితం. కర్ణాటక ప్రభుత్వం ఐఐఎస్‌సీ ఆధ్వర్యంలో నడిపే సైసెక్ అనే సైబర్ సెక్యూరిటీ కేంద్రం కూడా ఉంది. ఎలాంటి కార్యక్రమానికైనా పిల్లల్ని తీసుకెళ్లేముందు వయసు గురించి నిర్వాహకుల్ని అడగండి, మీరు తోడు వెళ్లండి. అంతకన్నా సులువైన దారి, మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "సెక్యూరిటీలో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఆదివారం గంట వస్తారా?" అని అడగడం. ఈ ఊళ్లో ఎవరో ఒకరు తప్పకుండా ఉంటారు.

ఆర్నెల్లయ్యాక పిల్లలతోనే పెట్టించండి

కొన్ని నెలలకు పిల్లలే ప్రశ్నలు తయారుచేసే స్థాయికి వస్తారు. క్లబ్‌హౌస్‌లో ఆదివారం పొద్దున రెండు గంటల చిన్న పోటీ, ఆరో, ఏడో తరగతి పిల్లల కోసం, ఎనిమిది ప్రశ్నలు చాలు. ఒకటి కటపయాది, ఒకటి బేస్64, ఒకటి ఫొటో వివరాల్లో దాచినది, ఒకటి నోటీసు బోర్డు మీద అంటించిన క్యూఆర్ కోడ్. ఫొటో ప్రశ్నకు ఇంట్లో తీసిన ఫొటో వాడనివ్వకండి. ప్రతి ప్రశ్ననూ తయారుచేయని పిల్ల ఒకరు ముందుగా విప్పి చూడాలి, అప్పుడే తప్పులు బయటపడతాయి. ఫ్లాగ్‌లో స్పేసులు, పెద్ద అక్షరాలు వద్దు, లేకపోతే సగం సమయం ఆ తగాదాలకే పోతుంది.

సీటీఎఫ్‌డీ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో అసలైన స్కోర్‌బోర్డు పెట్టుకోవచ్చు, కానీ దాన్ని ఎక్కడో హోస్ట్ చేయాలి. మొదటిసారికి గూగుల్ ఫామ్ చాలు. ఒక్క జాగ్రత్త: సరైన జవాబు ఇస్తేనే ముందుకు వెళ్లేలా ఫామ్‌లో వ్యాలిడేషన్ పెట్టకండి. అలా పెడితే ఫ్లాగ్ ఆ పేజీ సోర్స్‌లోనే ఉంటుంది, కంట్రోల్ యూ తెలిసిన పిల్ల ఐదు నిమిషాల్లో ఎనిమిదీ పట్టేస్తుంది. జవాబుల్ని మామూలుగా తీసుకుని షీట్‌లో సరిచూడండి. ఎవరైనా ఇంకో దారిలో ఫామ్‌ని దాటేస్తే తిట్టకుండా ఎలా చేశారో అందరి ముందు చెప్పించి, తొమ్మిదో ప్రశ్నకు పాయింట్లు వేసేయండి.